మా సర్వే ప్రశ్నలు ఎలా అడిగితే నిజం తెలుస్తుంది?

నమస్కారం. నేను విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. లింక్డ్‌ఇన్ (వృత్తి పరిచయాల వెబ్‌సైట్), వాట్సాప్ గ్రూపులు మా వృత్తిలో ఉన్నవారికి ఎంత ఉపయోగపడుతున్నాయో తెలుసుకోవాలని చిన్న సర్వే మొదలుపెట్టాను.

2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధనే దీనికి ప్రేరణ. లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్ల మందిపై 5 ఏళ్లపాటు జరిగిన ప్రయోగాల లెక్కలు అవి. ఉద్యోగం మారడానికి దగ్గరి స్నేహితుల కన్నా కొద్దిపాటి పరిచయస్థులే ఎక్కువ అక్కరకు వచ్చారట. మరీ దూరపు పరిచయాలు మాత్రం అంతగా పనికిరాలేదు. ఆ పరిశోధకులు అభిప్రాయాలు అడిగి ఊరుకోలేదు. ‘మీకు తెలిసినవారు కావచ్చు’ అనే సూచనలను కొందరికి ఒకలా, కొందరికి మరోలా చూపించి ఫలితం కొలిచారు. నాకు ఆ వీలు లేదు, ప్రశ్నపత్రమే ఆధారం.

నా చిక్కు ఇది. గూగుల్ ఫారాన్ని మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ‘ఉపయోగం ఉందా?’ అంటే దాదాపు అందరూ ‘చాలా’ అన్నారు. గ్రూపులో ఉన్నవాళ్లే కదా జవాబిచ్చింది! ఏ ఖాతా లేకుండానే ఉదయం ఏడింటికే రోగులతో నిండిపోయే క్లినిక్ నడిపే మా సీనియర్ మేడమ్ మాట ఇందులో ఎక్కడుంది?

కాగితం ఫారాలతో క్లినిక్‌లకు వెళ్లాలా? ‘మీ దగ్గరికి వచ్చిన చివరి రోగిని ఎవరు పంపారు?’ అని అడిగితే మేలా? సర్వేలు చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. వచ్చే వారమే రెండో విడత మొదలుపెట్టాలి.