చిన్న జెట్, ఒక్కడే పైలట్, రద్దీ ఎయిర్‌పోర్ట్: మీరెట్లా నెట్టుకొస్తున్నారు?

ఓర్వకల్లు_రాళ్లు

అన్నలూ, అక్కలూ, సెలవు మీద కర్నూలు వచ్చా, మిద్దె మీద కూర్చొని రాస్తున్నా. అమెరికాలో ఏళ్ల తరబడి సెస్నా 172 అనే ఒక్క ఇంజిన్ చిన్న విమానం మీద పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చేవాణ్ణి, ఈ మధ్యే సిటేషన్ మస్టాంగ్ అనే చిన్న జెట్‌కు టైప్ రేటింగ్ (అది నడిపేందుకు అనుమతి) అయింది, ఒక ఓనర్‌కు ఒక్కణ్ణే నడుపుతున్నా. కుడి సీటు ఖాళీ, లేదంటే ఓనరే కూర్చొని ఫొటోలు తీసుకుంటుంటాడు. విమానం మంచిదే, చెప్పిన మాట వింటుంది. కష్టమంతా చివరి ఇరవై మైళ్లలోనే.

మొన్నొకసారి బాగా రద్దీ ఉన్న ఎయిర్‌పోర్ట్‌కు వెళ్తుంటే కంట్రోలర్ 4,000 అడుగులకు దిగమన్నాడు, సరేనన్నా. అంతలోనే రన్‌వే మారింది, 170 నాట్స్ స్పీడు పట్టు, ఫ్రీక్వెన్సీ మార్చు అని అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేశాడు. జీ1000లో (కాక్‌పిట్ స్క్రీన్లు) కొత్త అప్రోచ్, అంటే దిగే దారి, వెతుక్కుంటూ తల దించా. 3,700 దగ్గర కంట్రోలరే “చెక్ ఆల్టిట్యూడ్” అన్నాడు. చూస్తే ఆటోపైలట్ ఎత్తు సెలెక్టర్‌లో నేను పెట్టుకున్నది 3,000. నోటితో నాలుగు అన్నా, చేత్తో మూడు తిప్పా! దిగాక ఇంకో గోల, టాక్సీ రూటు గడగడా చదివేశాడు, మోకాలి మీద ప్యాడ్‌లో రాసుకుంటూ పోతుంటే ఎదురుగా ఎర్ర బోర్డు, తెల్ల అంకెలు, అంటే ఇక ముందు రన్‌వే. బ్రేక్ తొక్కితే వెనకాల కాఫీ ఒలికింది. గీత మాత్రం దాటలేదు.

వచ్చే నెల టీటర్‌బరో పోవాలంట. న్యూయార్క్‌కు వచ్చే ప్రైవేట్ జెట్లన్నీ చాలావరకు అక్కడికే. రెండో పైలట్ కావాలని అడుగుదామంటే “సర్టిఫికెట్‌లో ఒక్కడు చాలని ఉంది కదా” అంటాడు ఓనర్. అడగాలా, వద్దా?

కడప_టవర్_రిటైర్డ్

నాయనా, మైకుకు ఇవతల కూర్చున్నవాడి మాట చెప్తా. లోపల నువ్వు ఒక్కడివా, ఇద్దరా అనేది మాకు తెలీదు. స్క్రీన్ మీద ఒక చుక్క, దాని పక్కన ఎత్తు, స్పీడు, అంతే. నీ వెనక ఎయిర్‌బస్ వస్తుంటే నిన్ను కూడా రన్‌వేకు నాలుగు మైళ్ల దూరం దాకా 160 నాట్స్ పట్టమంటాం. నీ బండి దిగేది 90 దరిదాపుల్లో కదా, మిగతా 70 నాట్స్‌ను ఆ నాలుగు మైళ్లలోనే పోగొట్టాలి. కుదరదనుకుంటే “అనేబుల్” (నా వల్ల కాదు) అను. కోపం రాదా అంటే వస్తుంది, రెండు సెకన్లు. పది మైళ్ల దగ్గరే చెప్తే సర్దుకుంటాం, చెప్పకుండా ఐదు మైళ్ల దగ్గర స్పీడు తగ్గించావంటే నీ వెనకవాణ్ణి గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి) పంపాల్సి వస్తుంది, అప్పుడు తిట్లు ఇద్దరికీ.

రన్‌వే మారిస్తే “సెటప్‌కు టైం కావాలి, వెక్టర్స్ ఇవ్వండి” అని అడుగు, ఎటు తిరగాలో మేమే చెప్తూ నిన్ను తిప్పుతాం. ఐదు నిమిషాల ఫ్యూయల్ ఖర్చు, అంతకన్నా ఏం పోదు. మొహమాటం మనవాళ్లకు మరీ ఎక్కువ, అమెరికా వాళ్లు నిర్మొహమాటంగా అడుగుతారు.

ఇంకోటి, వేక్, అంటే ముందు పోయిన విమానం వెనక వదిలే గాలి సుడి. మస్టాంగ్ నాలుగు టన్నుల లోపే, ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) లెక్కలో 7 టన్నుల దాకా లైటే. హెవీ (పెద్ద విమానం) వెనక నీకు ఆరు మైళ్లు, ఏ380 వెనకైతే ఎనిమిది. రాడార్ మీద ఆ దూరం చూసుకునేది మేము. అక్కడ విజువల్ అప్రోచ్ (కంటితో చూసుకుంటూ దిగడం) ఒప్పుకొని “ముందున్న విమానం కనపడుతోంది, ఫాలో అవుతా” అన్నావా, ఆ పూచీ నీ మెడకు చుట్టుకుంటుంది.

బేగంపేట_కుడిసీటు

మాది అనంతపురం, చార్టర్‌లో కో-పైలట్‌ని. టీటర్‌బరో సిమ్యులేటర్‌లో చేశా. రన్‌వే 24 నుంచి రూడీ డిపార్చర్ (పైకెళ్లే నిర్ణీత దారి) ఇస్తే ముందు 1,500 అడుగుల దగ్గర ఆగాలి, వెంట్జ్ అనే పాయింట్ దాటాకే 2,000. తలమీద నెవార్క్‌కు దిగేవాళ్లు పోతుంటారు. జెట్‌కు 1,500 అంటే చక్రాలు లోపలికి పోయేలోపు వచ్చేస్తుంది, కాబట్టి పార్కింగ్‌లో ఉండగానే సెలెక్టర్‌లో 1,500 పెట్టుకో, 2,000 కాదు. నంబర్ తిప్పాక దాని మీద వేలు పెట్టి పైకి చదువు. ఓనర్ నవ్వితే నవ్వనీ. మేమిద్దరం ఉన్నా అదే చేస్తాం, ఒకరు తిప్పుతారు, ఇంకొకరు వేలు పెట్టి చదువుతారు. నీకు ఆ రెండో వేలు లేదు కాబట్టి నీ వేలే రెండుసార్లు పని చెయ్యాలి.

దిగాక రన్‌వే నుంచి బయటికొచ్చి, గీత పూర్తిగా దాటి ఆగు. ఫ్లాప్స్, లైట్లు, రాసుకోవడం అన్నీ ఆగాకే. అర్థం కాకపోతే “ప్రోగ్రెసివ్ టాక్సీ” అడుగు, మలుపు మలుపుకూ వాళ్లే చెప్తారు.

రెండో పైలట్ సంగతికొస్తే, మనిషి ఉంటే చాలదు. 2017 మే నెలలో అదే టీటర్‌బరోలో లియర్‌జెట్ 35 పడిపోయింది, ఫిలడెల్ఫియా నుంచి ఖాళీగా వస్తోంది, ఇద్దరు పైలట్లు. సర్క్లింగ్ (ఇంకో రన్‌వే వైపు చుట్టి రావడం) ఆలస్యంగా మొదలుపెట్టి గట్టిగా తిప్పితే స్టాల్ అయింది, అంటే రెక్కలకు ఎత్తే బలం పోయింది, ఇద్దరూ పోయారు. కంట్రోల్స్ ఇవ్వకూడని కో-పైలట్ చేతికి ఇచ్చి కెప్టెన్ పక్కనుంచి నోటితో నడిపిస్తూ వచ్చాడు. అలాగని ఒక్కడే మేలని కాదు. 2014 డిసెంబర్‌లో అమెరికాలోని గేథర్స్‌బర్గ్‌లో ఫినమ్ 100 అనే చిన్న జెట్ కూలింది, ఒక్కడే పైలట్, మంచు పట్టే మబ్బుల్లోంచి దిగుతూ రెక్కల డీ-ఐస్ (మంచు వదిలించేది) వెయ్యలేదు. అది వేస్తేనే స్టాల్ వార్నింగ్ ముందుగా మోగేది. ఒక్క స్విచ్, విమానంలో ముగ్గురు, కింద ఇంట్లో తల్లీ ఇద్దరు బిడ్డలు పోయారు. పక్కన ఎవరైనా ఉంటే “అది వెయ్యలేదే” అనేవాడేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

తాడిపత్రి_లారీ

నాకు విమానం తెలీదు గానీ ఈ ఓనర్లు మాత్రం బాగా తెలుసు. బండల లోడు బెంగళూరు తోలేవాణ్ణి. హైవే మీద ఒక్కణ్ణే రాత్రంతా తోలినా ఏం కాలా. ఊళ్లోకి పోయినాక సందులో రివర్స్ కొట్టేటప్పుడు వెనక “రానీ, రానీ, హోల్డాన్” అనే క్లీనర్ ఉండాల. మా ఓనర్ క్లీనర్ జీతం మిగులుతుందని తీసేసినాడు. ఆ నెలలోనే ఒక గోడ, ఒక కరెంటు స్తంభం. లెక్క వేసి చూపిస్తే మళ్లీ పెట్టినాడు. నువ్వు కూడా లెక్క చూపించు తమ్ముడూ, భయం చూపిస్తే వినరు వీళ్లు.

ఓర్వకల్లు_రాళ్లు

లారీ అన్న చెప్పినట్టే చేశా. మొదటి మూడు ట్రిప్పులకు మస్టాంగ్ రేటింగ్ ఉన్న ఇంకొకతన్ని పెట్టుకుందాం, ఎవరు ఏం చదవాలో ముందే ఒక పూట కూర్చొని మాట్లాడుకుంటాం అని మెసేజ్ పెట్టా. “ఎంత?” అని వచ్చింది, వద్దనైతే అనలా. రేటు కనుక్కుంటున్నా.

మస్టాంగ్ కాక్‌పిట్ పోస్టర్ ఒకటి ప్రింట్ తీయించి మిద్దె గోడకు అంటించా. దాని మీద వేలు పెట్టి “పదిహేను వందలు, సెట్” అని పొద్దున్నించీ అరుస్తుంటే మా అమ్మ ఉగ్గాని గిన్నెతో పైకొచ్చి, “ఎవురికిరా పదిహేను వందలు ఇయ్యాల?” అంటోంది.