పిల్లాడికి 18 నిండుతున్నాయి, దివ్యాంగుల పింఛను ఆగిపోతుందా?

రాజోలు అమ్మ:
మా వాడికి సెరిబ్రల్ పాల్సీ. వచ్చే నెలకి 18 నిండుతాయి. ఎన్టీఆర్ భరోసాలో నెలకి 6,000 వస్తోంది. సదరం వైకల్య సర్టిఫికెట్‌లో 75 శాతం, కానీ ‘టెంపరరీ’ అని ఉంది. మేజరైతే పింఛను తీసేస్తారని పక్కింటావిడ అంది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఎవరికైనా అలా జరిగిందా?

సీమ నాన్న:
వయసు వల్ల ఆగదమ్మా. ఏపీలో దివ్యాంగుల పింఛనుకి వయసుతో పని లేదు, వైకల్యం 40 శాతం ఉండాలి అంతే. మా అమ్మాయికి 22, వస్తూనే ఉంది. మీరు చూసుకోవాల్సింది ఆ టెంపరరీ అన్న మాట. దానికి గడువు తేదీ ఉంటుంది. మేం పట్టించుకోలేదు. రీవెరిఫికేషన్ నోటీసు వచ్చాక చూస్తే గడువు దాటి నాలుగు నెలలు! ఆస్పత్రిలో డాక్టరు రెండు నిమిషాల్లో చూసేశారు. పాత స్కానింగులు, ఫిజియోథెరపీ పుస్తకం నా సంచిలోనే ఉండిపోయాయి. వాళ్ళు అడగరు, మనమే బల్ల మీద పెట్టాలి.

రాజోలు అమ్మ:
వేలిముద్ర ఇంకో గొడవండీ. ఒకటో తారీఖున సచివాలయం అబ్బాయి మెషీన్ పట్టుకుని గుమ్మంలో నిలబడగానే వీడికి కంగారు, పిడికిలి ఇంకా బిగించేస్తాడు. నేనూ మా అత్తగారూ చెరో పక్కా పట్టుకుని బొటనవేలు విప్పాలి.

విజ్జి:
అక్కా, కంటిపాపతో గానీ ముఖం ఫొటోతో గానీ తీసుకోమని అడుగు. ఆధార్‌లో 15 ఏళ్ళకి చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్ అయిందా? మా తమ్ముడిది అక్కడే ఆగింది.

ఖమ్మం కుర్రాడు:
మీకు ఇంటికి తెచ్చిస్తున్నారు, నయం. మాకు తెలంగాణలో 2023 జులై నుంచి 4,016. నాకు 24, కండరాల జబ్బు. పోస్టాఫీసుకి ర్యాంపు లేదు, మూడు మెట్లు. అన్నయ్య ఎత్తుకుని ఎక్కిస్తాడు. వాడికి డ్యూటీ ఉంటే ఆ రోజు పింఛను లేనట్టే.

సీమ నాన్న:
రాజోలు అమ్మగారూ, ఇంకోటి. పింఛను ఆగదు గానీ, 18 దాటాక బాబు పేరు మీద బ్యాంకులో పనులకి లీగల్ గార్డియన్‌షిప్, అంటే చట్టప్రకారం సంరక్షకులమన్న కాగితం, కావాలని వాళ్ళు అడగొచ్చు. కన్నవాళ్ళమన్నా ఒప్పుకోరు ఒక్కోచోట. సెరిబ్రల్ పాల్సీకి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం వర్తిస్తుంది, కోర్టు దాకా వెళ్ళక్కర్లేదు. కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. నిరామయ బీమా కూడా ఆ ట్రస్ట్‌దే, ఏడాదికి లక్ష దాకా వైద్యం ఖర్చు ఇస్తుంది.

రాజోలు అమ్మ:
సర్టిఫికెట్ ఇప్పుడే తీశానండీ. లామినేషన్‌లోకి నీళ్ళు దిగి తేదీ చెదిరింది. నెల 3 అనుకుంటే 3, 8 అనుకుంటే 8.

విజ్జి:
సదరం నంబరు కనిపిస్తోందా? అది చాలు. రేపు సచివాలయంలో ఆన్‌లైన్‌లో చూపించమను.