కుక్కను వెంటబెట్టుకొని దీవులకు వెళ్లడానికి నిబంధనలు ఏమిటి?

ప్రశ్న (వేళచ్చేరి, చెన్నై)

సంక్రాంతి సెలవుల్లో కుటుంబమంతా ఏదైనా దీవికి వెళ్లాలని అనుకుంటున్నాము. మా ఇంట్లో ఐదేళ్ల లాబ్రడార్ ఉంది, బరువు ముప్పై కిలోలకు పైమాటే. క్రితంసారి ఊరెళ్లినప్పుడు దానిని కుక్కలను చూసుకునే ఒక వసతిలో వదిలితే, మేము తిరిగి వచ్చేసరికి ముందరి కాలు నాకి నాకి పుండు చేసుకుంది. అప్పటి నుంచి మా అత్తగారు దానిని విడిచి ఎక్కడికీ రానని పట్టుబట్టారు. లక్షద్వీప్ గాని అండమాన్ గాని మా ఆలోచన. టీకాలన్నీ సమయానికి వేయించాము, కార్పొరేషన్ లైసెన్సు కూడా ఉంది. ఇవి సరిపోతాయా, వేరే అనుమతులు కావాలా, విమానం మేలా ఓడ మేలా అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం 1 (పశువైద్య విభాగంలో పనిచేస్తున్నవారు)

లక్షద్వీప్ మాట మరచిపోండి. అక్కడికి కుక్కలను తీసుకువెళ్లనివ్వరు. మనుషులకే ప్రవేశ అనుమతి పత్రం కావాలి, కుక్కకైతే ఆ దారి కూడా లేదు. ఇందులో అధికారుల మొండితనం ఏమీ లేదు. మన దేశంలో లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు తప్ప మిగిలిన ప్రాంతమంతటా రేబిస్ ఉంది. నాలుగు వైపులా సముద్రం ఉండటమే ఆ రెండు చోట్లకూ రక్ష, ఆ రక్ష ఒక్క జబ్బు కుక్క పడవ దిగితే చెదిరిపోతుంది.

ఇది ఊహ కాదు. ఇండోనేషియాలోని బాలి 2008 వరకు రేబిస్ లేని దీవిగానే ఉండేది. మరో దీవి నుంచి జాలరి పడవలో వచ్చిన కుక్కతో వ్యాధి అక్కడ అడుగు పెట్టిందని భావిస్తారు. తర్వాతి కొన్నేళ్లలోనే నూరుమందికి పైగా చనిపోయారు. అందుకే దీవుల నిబంధనలు చదివేటప్పుడు టీకా కార్డు ఉంటే చాలునన్న ధీమా పనికిరాదు. టీకా మీ కుక్కను కాపాడుతుంది, కాని పొదుగుదల కాలంలో, అంటే సోకినా లక్షణాలు ఇంకా కనబడని దశలో, ఉన్న వ్యాధిని పైకి చూసి ఎవరూ గుర్తించలేరు. రేబిస్ లక్షణాలు బయటపడటానికి సాధారణంగా వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మాల్దీవుల గురించి కూడా ఎవరైనా సూచిస్తారేమో, ముందే చెబుతున్నాను: అక్కడ కుక్కల దిగుమతి నిషిద్ధం.

సమాధానం 2 (బంధువులు పోర్టుబ్లెయిర్‌లో ఉన్నవారు)

అండమాన్‌లో మన తెలుగువారు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న మా ఇంట్లో తరచూ వస్తుంది. టికెట్లు కొనకముందే అక్కడి పశుసంవర్ధక శాఖకు కుక్క వివరాలు, టీకా తేదీలు పంపి, రాతపూర్వకమైన అనుమతి చేతికి తెచ్చుకోవాలి. ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మారినా, పాత పేరుతో వెదికినా శాఖ దొరుకుతుంది.

తర్వాతి చిక్కు ప్రయాణమే. ఇండిగో సేవా కుక్కలను తప్ప పెంపుడు జంతువులను ఎక్కించుకోదు. ఆకాశ ఎయిర్ 2022 చివరి నుంచి పెంపుడు జంతువులను అనుమతిస్తున్నా, క్యాబిన్‌లో చిన్న ప్రాణులకే చోటు. ముప్పై కిలోల లాబ్రడార్ అంటే సరుకు అరలో, పెద్ద పెట్టెలో వెళ్లవలసిందే. ఇంజను మోత, చీకటి, కొత్త వాసనల మధ్య, కాలు నాకి పుండు చేసుకునే స్వభావం ఉన్న కుక్క ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. చెన్నై నుంచి ఓడలు ఉన్నా, రెండు మూడు రోజుల సముద్ర ప్రయాణం మనుషులకే కడుపులో తిప్పుతుంది.

దిగిన తర్వాత కూడా తిరగడానికి వీలు తక్కువ. వండూరు వైపున్న మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులోకి కుక్కతో వెళ్లలేరు. చీకటి పడ్డాక గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ల తీరాల్లో కుక్కను వదలడం మహాపాపం, అది గుడ్లను తవ్వి తీస్తుంది. కాలువలు కలిసే చోట ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి, నీటి అంచున పరుగెత్తే కుక్క వాటికి సులువైన ఎర. నా మట్టుకు నేను ఐదారు రోజుల సెలవుకు కుక్కను అండమాన్ తీసుకువెళ్లను. ఉద్యోగరీత్యా బదిలీ అయి వెళ్లేవారి సంగతి వేరు.

సమాధానం 3 (తాంబరం)

పెద్ద చర్చ అక్కర్లేదు, రామేశ్వరం వెళ్లండి. అదీ దీవే. పాంబన్ మీదుగా 1988 నుంచి రోడ్డు వంతెన ఉంది కాబట్టి సొంత కారులోనే దీవిలో దిగవచ్చు, కుక్కకు వేరే అనుమతి పత్రం అవసరం లేదు. చెన్నై నుంచి దాదాపు 560 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరి, రెండు గంటలకోసారి ఆపి, నీళ్లు పట్టి, నాలుగడుగులు నడిపిస్తే చాలు. బయలుదేరే రోజు కడుపు నిండా పెట్టకండి.

రైలు అయితే ఫస్ట్ ఏసీ ఉన్న బండి చూసుకొని, ఇద్దరు పట్టే కూపే గాని నలుగురు పట్టే క్యాబిన్ గాని పూర్తిగా తీసుకుంటేనే కుక్కను వెంట ఉంచుకోగలరు. టూ టైర్, త్రీ టైర్, స్లీపర్‌లలోకి పెద్ద కుక్కను రానివ్వరు. కూపే కేటాయించమని ముందే దరఖాస్తు పెట్టి, ప్రయాణం రోజు పార్సిల్ కార్యాలయంలో టికెట్లు, టీకా కార్డు, వైద్యుడిచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం చూపించి డబ్బు కట్టాలి. కూపే దొరకకపోతే మిగిలేది గార్డు పెట్టె పక్కనున్న కుక్కల పెట్టె. దానిలోకి మా కుక్కను ఎక్కించే ధైర్యం నాకు లేదు.

గుడిలోకి ఎలాగూ తీసుకువెళ్లరు. కాబట్టి ఇరవై రెండు తీర్థాల స్నానానికి ఇంట్లోవాళ్లు వంతులవారీగా వెళ్లాలి. బస ముందే ఫోనులో మాట్లాడి, కుక్క ఉందని స్పష్టంగా చెప్పి, సరేనన్న జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. గుడి వీధుల్లోని చాలా లాడ్జీల్లో ఒప్పుకోరు.

ధనుష్కోటిలో మాత్రం గొలుసు విప్పకండి. సూళ్లూరుపేట పండుగలో చూసే ఫ్లెమింగోలే చలికాలంలో అక్కడి నీటి మడుగుల్లోనూ మేస్తాయి. ఆ ప్రాంతాన్ని తమిళనాడు ప్రభుత్వం 2025లో వాటి అభయారణ్యంగా ప్రకటించింది. ఒక్క కుక్క వెంటబడితే వందల పక్షులు లేచిపోతాయి. ధనుష్కోటి చివరి కొన అయిన అరిచల్‌మునై దగ్గర కెరటాల లాగుడు ఎక్కువ, లాబ్రడార్‌కు నీళ్లంటే ఎంత ఇష్టమైనా దింపవద్దు. మధ్యాహ్నం ఇసుక మీద మీ అరచేతి వెనుకభాగం ఆనించి చూడండి, మీకు ఓర్చుకోలేని వేడి దాని పాదాలకూ కాలుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అత్తగారికి రామేశ్వరం మాట చెప్పగానే ఆనందంతో ఒప్పుకున్నారు, గుడి ఉంది కదా! మా అబ్బాయి మాత్రం అంత దూరం వెళ్లాక పక్కనే ఉన్న శ్రీలంకకు కూడా పోదామంటున్నాడు. అది సాధ్యమేనా?

సమాధానం 1 రాసినవారు

సెలవు మీద కుక్కతో అయితే వద్దు. ఆ దేశపు పశు ఆరోగ్య శాఖ నుంచి ముందుగా దిగుమతి అనుమతి తీసుకోవాలి, మన వైపు చెన్నైలోని జంతు క్వారంటైన్ కేంద్రం నుంచి ఎగుమతి ఆరోగ్య ధ్రువపత్రం పొందాలి. ఆ పత్రం లేకుండా బయటికి వెళ్తే తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే మీ కుక్కను లోపలికి రానివ్వడం కష్టమవుతుంది. అబ్బాయిని విడిగా పంపండి. రామేశ్వరానికి బయలుదేరే ముందు మీ వైద్యుడి చేత పిడుదుల మందు వేయించి, రేబిస్ టీకా గడువు తిరుగు ప్రయాణం దాకా ఉందో లేదో కార్డు మీద సరిచూసుకోండి. చర్మం కింద గుర్తింపు చిప్ వేయించి ఉంటే ఆ నంబరు కూడా అదే కార్డు మీద రాయించండి.