'దమ్' లక్నో కరువులో పుట్టిందా?

నిన్న గ్రూపులో తిరిగిన ఫార్వర్డ్ అందరూ చూసే ఉంటారు. 1784లో లక్నోలో ఘోరమైన కరువు, జనానికి పని కల్పించడానికి అవధ్ నవాబు ఆసఫుద్దౌలా బడా ఇమాంబాడా (మొహర్రం సంతాప సభలు జరిగే పెద్ద భవనం) కట్టించాడు, కూలీల కోసం పెద్ద పెద్ద గుండిగల్లో బియ్యం, మాంసం, కూరలు, మసాలా అన్నీ ఒకేసారి వేసి మూత బిగించి రాత్రీ పగలూ సన్న సెగ మీద ఉంచేవారు, ఒకరోజు ఆ ఘుమఘుమ నవాబుగారి ముక్కుకి తగిలింది, అంతే, 'దమ్' వంటా పుట్టింది, 'దమ్' అన్న మాటా పుట్టింది. కథ బాగుంది, కాదనను. కానీ అంతకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందే, 1590 ప్రాంతంలో, అక్బరు ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ తన 'ఐనీ అక్బరీ' పుస్తకంలో అక్బరు వంటశాల వంటకాలు రాస్తూ 'దమ్‌పుఖ్త్' పేరు పెట్టి మరీ చెప్పాడు. పది సేర్ల మాంసానికి రెండు సేర్ల నెయ్యి! కరువు కూడు లెక్క కాదు అది.

ఇక మాట సంగతి. పారశీకంలో 'దమ్' అంటే ఊపిరి, 'పుఖ్త్' అంటే వండినది. ఆవిరి బయటికి పోకుండా దాని ఊపిరి దానికే పట్టించి వండటం అన్నమాట. ఇరాన్‌లో ఈరోజుకీ టీ ఆకు సారం దిగనివ్వడాన్ని దమ్ చెయ్యడమనే అంటారు. సరదా ఏంటంటే రెండు మాటలూ మనకి దూరపు చుట్టాలే. సంస్కృతంలో 'ధమతి' అంటే ఊదుతాడు, ధమని అందులోదే. 'పచతి' అంటే వండుతాడు, పాకం, పక్వం దాని పిల్లలు. పుఖ్త్, పక్వం ఒకే గూటివి. మన 'దమ్ముంటే రా', 'దమ్ము లాగడం' మాత్రం ఉర్దూ మీదుగా నేరుగా దిగినవి.

— అయితే మాస్టారూ, కరువుకీ లక్నో వంటకీ సంబంధమే లేదంటారా?

అలా అనలేదండీ. కరువు నిజం, ఇమాంబాడా నిజం, కట్టడం మొదలైంది 1784లోనే, అది కరువు పని కిందే మొదలైంది. దూలమనేదే లేకుండా సుమారు యాభై మీటర్ల పొడవున నిలబెట్టిన ఆ హాలు చూస్తే ఎంతమంది చేతులు పడ్డాయో తెలుస్తుంది. పగలు కూలీలు కట్టింది రాత్రి పూట కొంత పడగొట్టించేవారని, పరువు పోతుందని పగలు రాలేని పెద్ద కుటుంబాల వాళ్ళు మొహం కనబడకుండా ఆ రాత్రి పనికి వచ్చేవారని లక్నోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇది ఎంతవరకు నిజమైనా, వేళాపాళా లేకుండా వచ్చే వేలమందికి అన్నం పెట్టాలంటే దమ్ లాంటి పద్ధతి ఇంకోటి లేదు. మూత అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద తాడులా పేనినట్టు చేసి అంటిస్తారు, మూత మీద కూడా నిప్పులు పోస్తారు, పిండి ఎండి ఎక్కడైనా బీటిచ్చి ఆవిరి చీదడం మొదలుపెడితే తడిపిండి తెచ్చి అక్కడ మెత్తుతారు. మూత తీసేదాకా లోపల వేడి వేడిగానే ఉంటుంది, కట్టెలూ కలిసొస్తాయి, పక్కన నిలబడి కలిపేవాడూ అక్కర్లేదు. కాబట్టి నా మటుకు నాకు తోచేది, దర్బారు వంట కూలీల దగ్గరికి దిగి ఉంటుంది గానీ కూలీల వంట దర్బారుకి ఎక్కి ఉండదు. 1775లో రాజధాని ఫైజాబాద్ నుంచి లక్నోకి మారినప్పుడే దర్బారూ, దాన్ని నమ్ముకున్న వంటవాళ్ళూ కూడా వచ్చేశారు కదా. ఫార్వర్డ్ కథ దీన్ని తలకిందులు చేసింది, కూలీవాడి గుండిగ నవాబుకి నచ్చిందంటే వినడానికి ఇంపుగా ఉంటుంది మరి.

అన్నట్టు ఆ కాలం మీద ఒక సామెత ఉంది: 'జిస్‌కో న దే మౌలా, ఉస్‌కో దే ఆసఫుద్దౌలా'. దేవుడు పెట్టనివాడికి కూడా ఆసఫుద్దౌలా పెడతాడు అని. మౌలా, దౌలా ప్రాస తెలుగులో రాదు, 'దైవం పెట్టనివాడికి దొర పెట్టును' అంటే కొంత దగ్గర. ఇంకా మంచిది తడితే చెప్పండి.

— ఆ కరువుని 'చాలీసా' అంటారని విన్నాను. హనుమాన్ చాలీసాకీ దానికీ ఏమైనా లింకా అండీ?

లింకల్లా 'నలభై' అన్న అంకె మాత్రమే, చాలీసా అంటే అదే. అక్కడ నలభై చౌపాయీలు, ఇక్కడ విక్రమ శకం 1840 కాబట్టి చివరి నలభై. అంటే 1783-84. ఢిల్లీ, అవధ్, పంజాబ్, రాజపుతానా అంతా ఎండిపోయిన ఏడు. ఏడాది పేరే కరువుకి పెట్టడం మనకీ అలవాటే కదా, గుంటూరు వైపు 1832-33ది నందన కరువు, రాయలసీమలో 1876-77ది ధాత కరువు. ముసలివాళ్ళు వయసు చెప్పేటప్పుడు కూడా కరువు పేరు చెప్పి లెక్క కట్టేవారు.

— మరి మా గోదావరి జిల్లాల్లో నాట్లకి ముందు పొలం 'దమ్ము చేయడం'? అదీ ఊపిరేనా గురువుగారూ 😄

కాదండీ బాబూ, నీళ్ళు పెట్టి బురదగా దున్నడానికీ ఊపిరికీ అర్థంలో ఎక్కడా పొంతన లేదు, ఒకేలా వినబడే వేరే మాట అనే నా అభిప్రాయం. నాగలి దమ్ము, పట్టీ దమ్ము అని మీ వైపు ఇంకేమేం అంటారో రాయండి, దానికి విడిగా పోస్టు పెడదాం, ఇందులో కలిపేస్తే బిర్యానీ బురదైపోతుంది.