మూడేళ్లు నిండగానే డిస్ట్రిక్ట్ ప్రీస్కూల్‌కి పంపాలా, ఆగాలా? (న్యూజెర్సీ)

రారిటన్_నాన్న:
బాబుకి జూలైలో 3 నిండుతాయి. ఎర్లీ ఇంటర్వెన్షన్ (మూడేళ్లలోపు పిల్లలకిచ్చే థెరపీ సేవలు) థెరపిస్ట్ ఇంటికే వస్తోంది, బాగానే ఉంది. పుట్టినరోజుతో అది ఆగిపోతుందట, తర్వాత స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి ప్రభుత్వ స్కూళ్లు నడిపే సంస్థ) వాళ్ల స్పెషల్ ప్రీస్కూలే. సరిగ్గా మాటలు రాని పిల్లాణ్ణి బస్సెక్కించడం నాకిష్టం లేదు. ఒక ఏడాది ఇంట్లోనే ఉంచి ప్రైవేట్‌గా స్పీచ్ థెరపీ ఇప్పిద్దామనుకుంటున్నా.

గోదారమ్మాయి:
ఆగకండి అన్నా. ఇప్పటికే మార్చి వచ్చేసింది. వైకల్యమున్న పిల్లల చదువు కోసం ఉన్న ఐడియా (IDEA) అనే అమెరికా చట్టం ప్రకారం, ఎర్లీ ఇంటర్వెన్షన్ నుంచి స్కూలుకి మారే ట్రాన్సిషన్ మీటింగ్ 3 నిండడానికి కనీసం 90 రోజుల ముందే జరగాలి, డిస్ట్రిక్ట్ తరఫు మనిషీ రావాలి. బాబు అర్హుడైతే పుట్టినరోజుకల్లా ఐఈపీ (వాడి కోసం విడిగా రాసే చదువు, థెరపీ ప్లాన్) సిద్ధంగా ఉండాలి. మా పాపకి మీటింగే ఆలస్యంగా పెట్టారు, ఆ శీతాకాలమంతా ఏ థెరపీ లేదు, వచ్చిన నాలుగు మాటలూ పోయాయి. ఎవర్నడిగినా మా చేతుల్లో లేదన్నారు.

రారిటన్_నాన్న:
జూలైలో స్కూలే ఉండదుగా?

గోదారమ్మాయి:
ఐఈపీ రాయడం వేరు, సేవలు మొదలవడం వేరు. వేసవిలో 3 నిండితే మొదలయ్యే తేదీ ఐఈపీ టీమ్ నిర్ణయిస్తుంది.

రారిటన్_నాన్న:
అంటే జూలై, ఆగస్టు ఖాళీయే కావచ్చు. నేనన్నదీ అదే.

పప్పుచారు:
మా బావమరిదికి ఐదేళ్లకి మాటలొచ్చాయి. టెన్షన్ పడకండి.

గోదారమ్మాయి:
దయచేసి అలా చెప్పకండి! ఆ మాట నమ్మే చాలా ఇళ్లలో ఏళ్లు పోతున్నాయి. అన్నా, మీ బాధ తేదీల గురించి కాదు. బాబుకి ఆటిజమని డాక్టర్ చెప్పిన సంగతి ఊళ్లో అమ్మానాన్నలకి ఇంకా చెప్పలేదని మొన్న మీరే రాశారు.

రారిటన్_నాన్న:
మా ఇంటి సంగతులు ఇక్కడికెందుకు తెస్తారు? భయమే, ఉండకూడదా? రేపు టీచర్ వాణ్ణి చూడకముందే ఫైలు చూస్తుంది. చిన్నప్పుడు నత్తి ఉందని నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టి, పది పాసయ్యేదాకా ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఎడిసన్_అమ్మ:
3 నుంచి 5 ఏళ్ల వాళ్లకి ఇక్కడ ‘ప్రీస్కూల్ చైల్డ్ విత్ ఎ డిజబిలిటీ’ అనే ఒకే వర్గం ఉంది, ఆటిజం అనే వర్గంలో పెట్టనక్కర్లేదు. మీ సంతకం లేకుండా సేవలు మొదలవవు. తర్వాత వద్దనుకుంటే రాసిచ్చి మానిపించవచ్చు.

రారిటన్_నాన్న:
అర్హత తేల్చే ఇవాల్యుయేషన్ వరకు సరే. క్లాసు చూడకుండా సంతకం పెట్టను.

గోదారమ్మాయి:
చూడండి, తప్పకుండా చూడండి. కానీ ఇవాల్యుయేషన్ అడుగుతూ ఉత్తరం ఇవాళే పంపండి.