«మాగిన టెకీలా» అనవచ్చా?

ప్రశ్న: మెక్సికో మద్యాల మీద ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచి, నెమ్మదిగా తాగే టెకీలా దగ్గర ఆగిపోయాను. స్పానిష్‌లో దాన్ని ఎక్స్‌ట్రా అన్యేహో అంటారు. «బాగా పాతబడిన» అంటే చెడిపోయినట్టు వినిపిస్తోంది. «ఊరిన» అనవచ్చా? దయచేసి చెప్పండి.

జవాబు: «మాగిన» అనండి. «పాత» వయసు చెబుతుందే తప్ప జరిగిన మార్పు చెప్పదు. సీసాలో పోసి బిరడా బిగించాక టెకీలా మాగడం ఆగిపోతుంది. అల్మారాలో ఇరవై ఏళ్లు దాచిన సీసా పాతదే అవుతుంది గానీ అన్యేహో కాదు. లెక్కకు వచ్చేది పీపాలో గడిపిన కాలమే. కనీసం రెండు నెలలుంటే రెపోసాదో, ఏడాది ఉంటే అన్యేహో, మూడేళ్లు ఉంటే ఎక్స్‌ట్రా అన్యేహో. ఈ చివరి తరగతిని 2006లో చేర్చారు. అన్యేహో రకాలకు పీపా 600 లీటర్లు మించకూడదు. పీపా ఎంత చిన్నదైతే లోపలి సరుకుకు చెక్క అంత ఎక్కువగా తగులుతుంది.

«ఊరిన» చక్కని మాటే, కానీ దిశ తారుమారవుతుంది. ఆవకాయలో ఊరేది ముక్క. ఉప్పు, కారం, నూనె దానిలోకి దిగుతాయి. ఇక్కడ చెక్క గుణమే మద్యంలోకి దిగుతుంది.

గడ్డిలో వేసిన మామిడికాయ మాగుతుంది. పొలానికి తోలే ముందు పశువుల ఎరువూ మాగాలి. కదపకుండా ఉంచితే లోలోపల పచ్చిదనం పోవడమే మాగడం. పీపాలో జరిగేదీ అదే. అప్పుడే కాచిన టెకీలా నీళ్లలా తేటగా, ఘాటుగా ఉంటుంది. లోపలి వైపు కాల్చిన ఓక్ చెక్క నుంచి రంగూ వెనీలా వాసనా దిగుతాయి. చెక్క సందుల్లోంచి గాలి ఆడి ఘాటు మెత్తబడుతుంది, కొంత ఆవిరైపోతుంది. టెకీలా తయారయ్యే హలిస్కో రాష్ట్రపు వేడికి ఆ తరుగు స్కాట్లాండ్‌లో కంటే ఎక్కువ. అందుకే విస్కీకి ఆరంభంగా అనిపించే మూడేళ్లు టెకీలాకు పెద్ద వయసు.

ఒక హెచ్చరిక. అంతకు ముందు టెకీలాకు మూలమైన నీలి అగావే మొక్క పొలంలో ఆరేడేళ్లు పెరగాలి. దానికి «ముదరడం» వాడండి. ముదిరాక ఆకులు నరికి, మిగిలిన గడ్డను ఉడికించి, పిండి, పులియబెట్టి, రెండుసార్లు కాస్తారు. మొక్క ముదరాలి, మద్యం మాగాలి. రెండింటికీ ఒకే మాట వాడితే పాఠకుడు తికమకపడతాడు.

మరొకరు: ఎరువు గుర్తొచ్చే మాట ఎందుకండీ? సంస్కృతం ఉందిగా! ఆయుర్వేదంలో పాత నెయ్యిని పురాణ ఘృతమనీ, పాత మద్యాన్ని జీర్ణమనీ అంటారు.

జవాబు: శాస్త్రగ్రంథానికైతే సరే. ఈనాటి పాఠకుడికి జీర్ణమంటే కడుపులో అరగడమో, కూలడానికి సిద్ధంగా ఉన్న గుడో. పురాణమంటే కథ. «మాగిన» వినగానే ఎరువు కంటే ముందు పండే గుర్తొస్తుంది, నా మటుకు అది గౌరవమే.

అడిగినవారు: ఒప్పుకున్నాను. మరి నెమ్మదిగా తాగడానికి ఏ మాట? «గుక్క» కుదరడం లేదు.

జవాబు: గుక్క గొంతుకు చెందినది, ఇది నాలుకతో చేసే పని. «చప్పరించండి» అనండి. ఉప్పు నాకి, ఒక్క గుక్కలో దించి, నిమ్మబద్ద కొరికే పద్ధతి దీనికి పొసగదు. మూడేళ్లు కూడిన వాసనలను నిమ్మ పులుపు తుడిచేస్తుంది. మూతి సన్నగా ఉన్న గాజు గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు పోసి, కాస్త తిప్పి వదిలితే గోడల మీద జిగురు చారలు మెల్లగా జారుతాయి. ముక్కు మరీ దగ్గరకు పెడితే స్పిరిట్ ఒక్కటే కొడుతుంది. కొంచెం ఎడంగా పట్టుకుంటే ముందు వెనీలా, దాల్చినచెక్క, ఎండుద్రాక్ష, వాటి అడుగున ఉడికిన అగావే వాసన. అది కుంపట్లో కాల్చిన చిలగడదుంపకు చాలా దగ్గర. ఆ అడుగు వాసన మిగిలి ఉన్నదే మంచి సరుకని నా అభిప్రాయం. మరీ ఎక్కువ ఏళ్లు ఉంచితే చెక్క దాన్ని మింగేస్తుంది, కళ్లు మూసుకుని తాగితే టెకీలా అని పోల్చుకోలేం. చుక్క నాలుక మీద నిలిపి, చప్పరించి, మింగి, ఊపిరి ముక్కుతో వదిలితే ఆ రుచి రెండోసారి వస్తుంది.

మీ వ్యాసంలో «రంగు ఎంత ముదురైతే అంత బాగా మాగినట్టు» అనే వాక్యం ఉంటే రచయితను ఒకసారి అడగండి. మాగిన రకాల్లో బరువులో 1 శాతం దాకా క్యారమెల్ రంగు, ఓక్ సారం, గ్లిసరిన్, చక్కెర పాకం వంటివి కలుపుకోవడానికి అక్కడి నిబంధనలు అనుమతిస్తాయి.