గగనతల నియంత్రణ సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు అన్నీ ముందే రాసి కట్టేయాలా?

కొత్తసీటు:
అందరికీ నమస్తే. పదేళ్లు కోడ్ రాసి, మూడు నెలల క్రితమే కొనే వైపు కుర్చీలోకి వచ్చాను. ప్రభుత్వ విమాన భద్రతా వ్యవస్థ, పేరు చెప్పలేను, గగనతల నియంత్రణకి సంబంధించిందని మాత్రం అనుకోండి. టెండర్ పిలవడానికి ముందు రిక్వైర్‌మెంట్ల పత్రం తయారు చేస్తున్నాం. 1,400 పేజీలు దాటింది, ఇంకా పెరుగుతూనే ఉంది. మా పెద్దసారు లెక్క ప్రకారం అన్నీ ముందే రాసేసి ఫిక్స్‌డ్ ప్రైస్‌కి కట్టేస్తే వెండర్ ఎటూ కదల్లేడు, ఆలస్యమైతే జరిమానా వేద్దాం, అంతే. వెండర్లేమో ప్రజెంటేషన్ పెట్టిన ప్రతిసారీ అజైల్, అంటే చిన్న చిన్న ముక్కలుగా కట్టుకుంటూ పోవడం, రెండు వారాలకో డెలివరీ అంటున్నారు. నాకు రెండూ నమ్మబుద్ధి కావట్లేదు. ఇలాంటివి దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ముఖ్యంగా డబ్బు దేనికి ముడిపెట్టాలి, డెలివరీ బాగుందని సంతకం ఎవరు పెట్టాలి అన్న రెండింటి గురించి.

పాతటెస్టర్:
1,400 పేజీలంటే నాకు అమెరికా వాళ్ల ఏఏఎస్ గుర్తొచ్చింది. అడ్వాన్స్‌డ్ ఆటోమేషన్ సిస్టమ్. ఎఫ్‌ఏఏ, అంటే అక్కడి పౌర విమానయాన సంస్థ, 1988లో ఐబీఎమ్‌కి ఇచ్చింది. దేశం మొత్తం మీద కంట్రోలర్ల (రాడార్ చూస్తూ విమానాలకి దారి చెప్పేవాళ్ల) తెరలు, వెనకున్న కంప్యూటర్లు, ఒక్కో విమానం వివరాలు ఉండే కాగితం స్ట్రిప్పుల బదులు ఎలక్ట్రానిక్ స్ట్రిప్పులు, అన్నీ ఒకే ప్రాజెక్టులో. 1994లో చాలా భాగాన్ని రద్దు చేసి మిగిలింది ముక్కలు చేసుకున్నారు. అప్పటికి అయిన 2.6 బిలియన్ డాలర్ల ఖర్చులో 1.5 బిలియన్ వృథా పోయిందని లెక్క తేలింది.

అందరూ ఖర్చు గురించే చెప్తారు గానీ నన్ను పట్టుకున్నది అందులో ఒక్క అంకె. వ్యవస్థ 99.99999 శాతం సమయం అందుబాటులో ఉండాలని రాశారు. ఏడు తొమ్మిదులు. ఏడాదికి సుమారు 3 కోట్ల 15 లక్షల సెకన్లు కదా, లెక్క వేస్తే ఏడాది మొత్తం మీద మూడు సెకన్లు మాత్రమే ఆగొచ్చు. రాయడానికి అర నిమిషం చాలు, కట్టేవాళ్లకి మాత్రం డిజైన్ మొత్తం ఆ అంకె చుట్టూ తిప్పాల్సి వచ్చింది. ఇంకోపక్క ఎలక్ట్రానిక్ స్ట్రిప్ ఎలా ఉండాలన్న దాని మీద కంట్రోలర్లకీ ఇంజినీర్లకీ ఏళ్ల తరబడి కుదరలేదు, మార్పుల మీద మార్పులు. అంటే పత్రం లావుగానే ఉంది, లోపల అసలు విషయం మాత్రం తేలలేదు.

కాబట్టి నీ 1,400 పేజీల్లో అంకె ఉన్న ప్రతి లైను దగ్గర ఆగి, ఇది ఎవరు అడిగారు, ఒక తొమ్మిది తగ్గిస్తే విమానాలకి ఏమవుతుంది అని అడిగి చూడు. జవాబు చెప్పే మనిషి దొరకని లైన్లన్నీ ఒక పక్కన పెట్టు, అవి ఎన్నున్నాయో చూస్తే నీకే భయమేస్తుంది. ఒక మాట ఒప్పుకోవాలి, ఏఏఎస్ ముక్కలైన తర్వాత తెరల మార్పిడి ఒక్కటే డీఎస్‌ఆర్ పేరుతో విడిగా చేశారు, 2000 నాటికి అన్ని కేంద్రాల్లో పెట్టేశారు. చిన్న ముక్క కాబట్టి అయింది.

రెండోషిఫ్ట్:
నేను రాడార్ ముందు కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు రిటైర్డ్. తమ్ముడూ, ఒక్కటే అడుగుతా, ఆ 1,400 పేజీలు రాసిన గదిలో కంట్రోలర్ ఎవరైనా ఉన్నారా? ఒకప్పుడు కంట్రోలర్ అయ్యి ఇప్పుడు మేనేజర్ అయినవాడు కాదు, ఈ వారం షిఫ్ట్ చేసినవాడు.

స్టార్స్ అని ఎఫ్‌ఏఏదే ఇంకో వ్యవస్థ, దాని కథ చూడండి. 1996లో రేథియాన్‌కి ఇచ్చారు, విమానాశ్రయాల చుట్టుపక్కల రాడార్ గదుల కోసం. చాలావరకు రెడీమేడ్ సాఫ్ట్‌వేర్, తెచ్చి పెట్టేయడమే అనుకున్నారు. తీరా కంట్రోలర్లు కూర్చుని చూస్తే, తెర మీద విండో తెరిస్తే దాని కింద విమానాల సమాచారం మరుగున పడుతోంది. ఆఫీసు కంప్యూటర్‌లో అది మామూలే, పక్కకి జరుపుకుంటాం. రాడార్ తెర మీద ఆ రెండు సెకన్లు కూడా ఎక్కువే. అప్పుడు మొదలైంది మళ్లీ రాయడం, ఖర్చు తడిసి మోపెడయింది. 1999 చివర్లో ఎల్ పాసో, సిరక్యూజ్‌లలో మొదట నడిపింది కూడా పూర్తి స్టార్స్ కాదు, తొలి రూపమే. కంట్రోలర్లు మొండివాళ్లు, మార్పు ఇష్టపడరు అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కొంత నిజమే లెండి. కానీ ఆ విండో సంగతి మొదటి నెలలోనే ఒక నమూనా తెర పెట్టి చూపిస్తే పది నిమిషాల్లో తేలిపోయేది.

కొత్తసీటు:
రెండోషిఫ్ట్ గారూ, నిజం చెప్పాలంటే ఇద్దరు వచ్చారు, అదీ ఒక్కరోజు వర్క్‌షాప్‌కి. మధ్యాహ్నం తర్వాత ఒకరు వెళ్లిపోయారు. పాతటెస్టర్ గారూ, అంటే ఫిక్స్‌డ్ ప్రైస్ అసలు వద్దంటారా? ఖర్చు ఎంతైతే అంత ఇచ్చే పద్ధతి పెడితే మా ఆడిట్ వాళ్లు నన్ను బతకనివ్వరు.

బిల్లులమనిషి:
నాది కాంట్రాక్టుల వైపు. ఏ పద్ధతి అన్నది అసలు ప్రశ్న కాదు. బాగా తెలిసిన పని, మారనిది, హార్డ్‌వేర్, శిక్షణ, పాత రేడియోల స్థానంలో కొత్త రేడియోలు, ఇవి ఫిక్స్‌డ్‌కి ఇవ్వండి. ఎలా ఉండాలో మీకే సరిగ్గా తెలియనిదాన్ని ఫిక్స్‌డ్‌కి ఇస్తే వెండర్ తక్కువకి కోట్ చేసి గెలిచి, ఆ తర్వాత మార్పు ఆర్డర్ల మీద సంపాదించుకుంటాడు. మీరు అడిగిన ప్రతిదానికీ ఇది పత్రంలో లేదు సార్ అంటాడు. అప్పుడు మీ 1,400 పేజీలే అతనికి ఆయుధం.

ఇక ప్రోత్సాహకాలు. ఈ-రామ్ అని అమెరికాలో 20 ఎన్‌రూట్ కేంద్రాల (విమానాశ్రయాలకి దూరంగా, దారి మధ్యలో ఉన్న విమానాలని చూసేవి) కోసం చేసిన వ్యవస్థ, లాక్‌హీడ్ మార్టిన్‌ది. 2010 చివరికి అయిపోవాలి, 2015 మార్చిలో అయింది, సుమారు 330 మిలియన్ డాలర్లు ఎక్కువ పడింది. అప్పటికి ఎఫ్‌ఏఏకి మామూలు ప్రభుత్వ కొనుగోలు నిబంధనల నుంచి మినహాయింపు కూడా ఉంది, 1996 ఏప్రిల్ నుంచే సొంత పద్ధతి. కాబట్టి రూల్స్ అడ్డుపడ్డాయి అనడానికి లేదు. ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆడిట్‌లో బయటపడింది ఏంటంటే, ఖర్చు లక్ష్యం దాటకపోతే బోనస్ అని పెట్టారు, కానీ పని పెరిగిన ప్రతిసారీ ఆ లక్ష్యాన్నే పెంచుకుంటూ పోయారు. దాంతో కాంట్రాక్టర్ లక్ష్యంలోపే ఉన్నట్టు లెక్క, 150 మిలియన్ డాలర్లకి పైగా బోనస్ వెళ్లింది. ఎవరూ దొంగతనం చేయలేదు, అంతా ఒప్పందం ప్రకారమే! గోల్‌పోస్ట్‌ని బంతి వైపు జరిపితే ఎవరైనా గోల్ కొడతారు.

సంతకం గురించి కూడా అదే కథ. ల్యాబ్‌లో సరిగ్గా నడిచిందని ప్రభుత్వం తరఫున ఒప్పేసుకున్నారు, తర్వాత సాల్ట్ లేక్ సిటీ కేంద్రంలో అసలు ట్రాఫిక్ మీద పెట్టేసరికి వందల సమస్యలు. అప్పటికే ఒప్పుకున్నది మీరే కాబట్టి బాగు చేసే ఖర్చూ మీదే. నేనైతే డబ్బులో పెద్ద వాటా మొదటి కేంద్రంలో రాత్రీ పగలూ ఇన్ని రోజులు వరసగా నడిచాక ఇస్తానని రాస్తా. పత్రాలు అందాయి, డిజైన్ రివ్యూ అయింది అనే మైల్‌స్టోన్లకి నామమాత్రంగా ఇస్తా.

లూప్‌వేరియబుల్:
అందరూ 90ల కథలే చెప్తున్నారు 😀 ఇప్పుడు చిన్న చిన్న రిలీజులు, ఆటోమేటెడ్ టెస్టులు ఉన్నాయి కదా, అజైల్ అంటే ఎందుకు భయం?

పాతటెస్టర్:
భయమేం లేదు తమ్ముడూ, చిన్న ముక్కలే మంచివని పైన నేనే అన్నాను. రెండు వారాలకోసారి నమూనా తెర మీద చూపించు, మహదానందం. కానీ చూపించడం వేరు, రాడార్ గదిలో పెట్టడం వేరు. నేల మీది వ్యవస్థల సాఫ్ట్‌వేర్‌కి డీఓ-278ఏ అని ఒక భద్రతా ప్రమాణం ఉంది, ఏ భాగం ఎంత ప్రమాదకరమో బట్టి ఆరు స్థాయిలు. పై స్థాయిల్లో ఏ కోడ్ ఏ అవసరం కోసం రాశారు, దాన్ని ఏ టెస్ట్ తేల్చింది అన్న జాడ మొత్తం చూపాలి. ఆ జాడ పని జరుగుతుండగానే పుట్టాలి. కోడ్ అంతా అయిపోయాక కూర్చుని రాయడం నేను ఒకచోట చేశాను, పేరు వద్దు, కోడ్ రాసినదానికంటే ఎక్కువ కాలం పట్టింది, పైగా రాసినవాళ్లలో సగంమంది అప్పటికే మానేశారు. టెండర్‌లోనే ఏ భాగం ఏ స్థాయి అన్నది తేల్చేయండి. అన్నిటికీ పై స్థాయి పెడితే మళ్లీ ఏడు తొమ్మిదుల కథే.

రాత్రిడ్యూటీ:
నేను నిర్వహణ వైపు. కొనేవాళ్లు మర్చిపోయేది మా బతుకే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఏమనుకోకండి.

2004 సెప్టెంబర్ 14, లాస్ ఏంజెలెస్ కేంద్రం, పామ్‌డేల్‌లో ఉంటుంది. విమానాలతో మాట్లాడే వ్యవస్థ మొత్తం మూగబోయింది. కారణం, ఒక సర్వర్‌లో మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ 49.7 రోజులకి అయిపోతుంది. సంగతి ముందే తెలుసు, 30 రోజులకోసారి రీస్టార్ట్ చేయాలని పద్ధతి పెట్టుకున్నారు, ఆసారి ఎవరో చేయలేదు. బ్యాకప్ కూడా దాని వెంటే పడిపోయింది. అంటే ఒక లోపాన్ని డెలివరీలో ఒప్పుకుని, దాని బరువు ఎప్పటికీ ఎవరో ఒక టెక్నీషియన్ జ్ఞాపకశక్తి మీద పెట్టారు.

2014 ఏప్రిల్ 30, అదే కేంద్రం, ఈసారి ఈ-రామ్. ఒక యూ-2 (చాలా ఎత్తులో ఎగిరే గూఢచారి విమానం) ఫ్లైట్ ప్లాన్ చాలా మెలికలతో ఉంది, ఎత్తు వివరం లేదు. వ్యవస్థ అన్ని ఎత్తులకీ దారులు లెక్క కట్టబోయి మెమరీ అయిపోయి పదేపదే రీస్టార్ట్ అయింది.

2023 ఆగస్టు 28, బ్రిటన్, ఫ్లైట్ ప్లాన్లు చదివే వ్యవస్థ. ఒకే ఫ్లైట్ ప్లాన్‌లో డీవీఎల్ అనే పేరుతో రెండు చోట్లు, ఒకటి ఫ్రాన్స్‌లో, ఇంకోటి అమెరికాలో. ప్రధాన వ్యవస్థ గందరగోళపడి ఆగిపోయింది, బ్యాకప్ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అదే ప్లాన్ చదివి అదే పని చేసింది, మొత్తం 20 సెకన్లలోపే. ఏడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇరుక్కున్నారు. నిజానికి తెలియని డేటా దగ్గర ఆగిపోవడం భద్రత కోణంలో తప్పు కాదు. ఒక్క ప్లాన్‌ని పక్కన పెట్టి మిగతావి నడపలేకపోవడమే తప్పు.

ఆ రోజు నాకు బాగా తగిలింది ఇంకోటి. సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాళ్లని సాయం అడగడానికే నాలుగు గంటలు దాటింది. మీ ఒప్పందంలో రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేది ఎవరు, ఎంతసేపట్లో, ఆ మనిషి కోడ్ తెలిసినవాడా కాల్ సెంటర్ వాడా, పదకొండో ఏడాది కూడా ఎత్తుతాడా అన్నది రాయండి. బ్యాకప్ ఉండాలి అని ఒక్క లైను రాస్తే అదే పెట్టె రెండోది తెచ్చి పెడతారు. ప్రధానమైనదాన్ని పడగొట్టిన ఇన్‌పుట్ బ్యాకప్‌ని పడగొట్టకూడదు అని రాయండి, ఆ టెస్ట్ మీ ముందే చేసి చూపించమనండి.

కొత్తసీటు:
అబ్బ, ఇంత సమాధానం ఊహించలేదు, అందరికీ థ్యాంక్స్. బ్యాకప్ లైను మా పత్రంలో అచ్చం అలాగే ఒక్క లైనే ఉంది, సిగ్గేసింది. ఇంకో రెండు ప్రశ్నలు. సోర్స్ కోడ్ మూడో పార్టీ దగ్గర దాచిపెడతాం, మేం మూతపడితే తీసుకోండి అంటున్నారు వెండర్లు, చాలా? కంట్రోలర్లు ఎంతమంది కావాలి?

బిల్లులమనిషి:
దాచిన కోడ్‌ని మీ మనిషి మీ మెషీన్ మీద ఏడాదికోసారి బిల్డ్ చేసి, టెస్టులన్నీ నడిపించి చూడగలగాలి. ఆ హక్కు, దానికయ్యే ఖర్చు ఒప్పందంలో లేకపోతే అది తాళంచెవి లేని బీరువా. దీని ధర టెండర్‌లోనే విడిగా కోట్ చేయించండి, తర్వాత అడిగితే మూడింతలు చెప్తారు. మీ వైపు కోడ్ చదవగలిగే నలుగురు లేకపోతే మాత్రం ఇదంతా ఉత్తిదే. మీరొకరు ఉన్నారు కదా, ఇంకో ముగ్గురిని వెతకండి.

రెండోషిఫ్ట్:
ఎంతమంది అన్నది కాదు, ఎన్ని గంటలు అన్నది అడుగు. కంట్రోలర్లని ఇవ్వడానికి సూపర్‌వైజర్ ఎప్పుడూ ఒప్పుకోడు, ఆయన బోర్డు మీద జనమే ఉండరు. అందుకని ఆరుగురు, ఒక్కొక్కరికి వారానికి ఒక షిఫ్ట్, ప్రాజెక్టు అయ్యేదాకా, వాళ్ల బదులు కూర్చునేవాళ్ల ఓవర్‌టైమ్ ప్రాజెక్టు బడ్జెట్‌లోంచి అని మీ పెద్దసారుతో ముందే రాయించు. ఆరుగురిలో ఒకడు రాత్రి షిఫ్ట్ వాడై ఉండాలి, ఒకడు కొత్త తెర అంటేనే పడనివాడై ఉండాలి. వాడు తిడుతున్నప్పుడు నోట్స్ రాసుకో.